గోలు ముందు నేల

విల్‌ఫ్రెడ్ గాలిలోకి లేచి బంతిని అందుకున్నాడు. అందుకున్న బంతిని వదలకుండానే కిందపడ్డాడు. పడ్డప్పుడు వచ్చిన చప్పుడు మనిషి మట్టిలో పడ్డ చప్పుడులా లేదు. బండ మీద ఎవరో కొబ్బరికాయ కొట్టినట్టుంది. గోలు వెనక సున్నం డబ్బా పక్కన కూర్చున్న తవిటయ్య ఆ చప్పుడుకి లేచి నిలబడ్డాడు. మైదానం చుట్టూ మూగిన జనం ఇంకా షాబాష్ షాబాష్ అని అరుస్తూనే ఉన్నారు. బంతి విల్‌ఫ్రెడ్ గుండెల మీదే ఉంది. కుడి మోకాలు మాత్రం ఉండవలసిన తీరులో లేదు.

అందరికంటే ముందు తవిటయ్యే చేరాడు. విల్‌ఫ్రెడ్ పళ్ళు బిగబట్టి, "బంతి గీత దాటిపోనాదేటి సిన్నాన్నా?" అని అడిగాడు.

"నేదు నాయినా. దాటనేదు."

ఆ మాట విన్నాకే వాడు కళ్ళు మూసుకున్నాడు. స్ట్రెచర్ వచ్చింది. నలుగురు పట్టి మోసుకుపోయారు. తవిటయ్య వాళ్ళ వెనక వెళ్ళలేదు. విల్‌ఫ్రెడ్ పడ్డచోట గొంతుక్కూర్చుని అరచెయ్యి నేలకి ఆనించాడు. సాయంత్రం అయిదున్నరైనా పెనంలా కాలుతోంది. గోలు ముందు గడ్డి పరక లేదు. ఎర్రమట్టి నెర్రెలిచ్చి, నెర్రెల అంచులు కుండపెంకుల్లా లేచి ఉన్నాయి. ఒక పెంకు అంచున చిన్న గుడ్డపీలిక, దానికి అంటి రక్తం. తవిటయ్య ఆ పీలికని తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. రిఫరీ విజిలు వేశాడు. క్యారేజీ షాపు జట్టు మరో మనిషిని గోలులో నిలబెట్టింది. ఆట సాగింది.

అది అరవై ఆరో సంవత్సరం, మే నెల రెండో శనివారం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులోని షాపుల మధ్య, అంటే విభాగాల మధ్య, ఏటా జరిగే షీల్డు పోటీలో మొదటి మ్యాచి.

ఆ మైదానానికి పదకొండేళ్ళుగా మాలీ తవిటయ్యే. కాగితాల మీద క్యాజువల్ ఖలాసీ, అంటే పర్మనెంటు కాని కూలీ. రోలరు లాగడం, గడ్డి కోయడం, మ్యాచి నాడు తాడు కట్టి సున్నంతో గీతలు వేయడం అతని పని. నీళ్ళు పెట్టడం కూడా అతని పనే. ఎండాకాలం ఆ వైపుకి నీళ్ళు సాయంత్రం నాలుగునించి అయిదుదాకా ఒక్క గంటే వచ్చేవి. వచ్చే గొట్టం ఒక్కటే. కంచె దగ్గర వాల్వు ఎడమవైపు తిప్పితే మైదానానికి, కుడివైపు తిప్పితే కంచె అవతల ఆఫీసర్ల క్లబ్బు టెన్నిస్ లానుకి. మార్చి నెల సగం నుంచి తవిటయ్య వాల్వుని కుడివైపే తిప్పుతున్నాడు. ఆ తరవాత స్పోర్ట్స్ ఆఫీసుకి వెళ్ళి, నీళ్ళ బుక్కులో "మైదానం తడిపితిని" అని గుమాస్తా గణపతిరావు రాసిపెట్టిన వరస కింద సంతకం పెడుతున్నాడు. రోజుకొక సంతకం. రెండు నెలలు.

మర్నాడు ఆదివారం. న్యూ సెటిల్‌మెంటు రైల్వే క్వార్టర్లలో తవిటయ్య ఉండే వరసలోనే, నాలుగిళ్ళ అవతల విల్‌ఫ్రెడ్ తల్లి ఎలీసమ్మ ఉంటుంది. రైల్వే బడిలో ఆయా. ఆమె ఆస్పత్రి నుంచి వస్తుంటే పంపు దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు చుట్టుముట్టారు. మోకాటిచిప్ప మూడు ముక్కలైందనీ, వైరు వేసి కట్టారనీ చెప్పింది. తవిటయ్య భార్య జోగమ్మ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఎలీసమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గుమ్మంలో నిలబడ్డ తవిటయ్య వైపు తిరిగింది.

"పదకొండేళ్ళు సాకినావు గదేటి ఆ నేలని. నా కొడుకుని కరిసినాది" అంది.

అరవలేదు. అరిస్తే బాగుండునని తవిటయ్యకి అనిపించింది. ఆమె వెళ్ళిపోయింది. జోగమ్మ బిందె దించి, "నువ్వేటి సేత్తావు, వాన నేదు గదా" అంది. ఆమెకి వాల్వు సంగతి తెలీదు. తవిటయ్య తల ఊపి లోపలికి పోయాడు.

సోమవారం పొద్దున్నే బుచ్చిబాబు సైకిలు మీద వచ్చాడు. హిజ్లీ వైపు ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూటులో రిసెర్చి చేసే కుర్రవాడు. భీమవరం వైపు వాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఆటస్థలాల నేల మీద పరిశోధన. ఫిబ్రవరి నుంచి ప్రతి సోమవారం వస్తున్నాడు. మూడు కాళ్ళ స్టాండు, దాని నడుమ ఇనప కడ్డీ, కడ్డీ అడుగున బొంగరంలాంటి మొన. పైనుంచి ఒక గుండు వదిలితే మొన నేలలోకి దిగుతుంది. ఎంత దిగిందో పక్కనున్న స్కేలు మీద చూసి రాసుకుంటాడు. మైదానంలో ముప్పై చోట్ల అలా దింపుతాడు. బంతిని ఎత్తునుంచి వదిలి ఎంత లేచిందో చూస్తాడు. ఒక్కోసారి ఆటగాళ్ళని పరిగెత్తించి, స్టాపువాచీ పట్టి, వాళ్ళ నాడి లెక్కపెడతాడు. తొలిరోజుల్లో తవిటయ్యకి ఇదంతా పిచ్చిపనిలా తోచింది. తరవాత స్టాండు కాళ్ళు సమంగా నిలపడం, కడ్డీకి నూనె రాయడం అతనే చూసుకునేవాడు.

"ఆటగాడి సత్తా అంతా కాళ్ళలోనే ఉందనుకుంటారండీ జనం. సగం నేలలో ఉంటుంది" అన్నాడు ఒకసారి బుచ్చిబాబు. పదకొండేళ్ళలో తవిటయ్యతో నేల గురించి మాట్లాడిన మనిషి అతనొక్కడే. 'తవిటయ్య గారూ' అని పిలిచినవాడూ అతనొక్కడే.

ఆ సోమవారం బుచ్చిబాబు నేరుగా గోలు దగ్గరికి నడిచాడు. స్టాండు నిలబెట్టాడు. గుండు వదిలాడు. ఠంగుమంది. వంగి స్కేలు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మూడండీ" అన్నాడు. "మూడు మిల్లీమీటర్లు. ఎనిమిది దిగితే పడ్డవాడి బరువు నేల కొంత పుచ్చుకుంటుంది. మూడంటే ఇక అంతా వాడి ఎముకే పుచ్చుకోవాలి."

సంచీలోంచి గళ్ళ కాగితం తీసి నేల మీద పరిచాడు. ఫిబ్రవరిలో తొమ్మిది దగ్గరున్న గీత మార్చి సగందాకా కొద్దికొద్దిగా దిగి, అక్కణ్ణుంచి గట్టు విరిగినట్టు పడిపోయింది. ఆ విరిగినచోట వేలుపెట్టాడు.

"ఎండ ఒక్కటే అయితే ఇంత తొందరగా పడదండీ. ఇక్కడేదో జరిగింది. నీళ్ళు పెడుతున్నారు కదూ?"

కంచె అవతల లాను పచ్చగా మెరుస్తోంది. క్లబ్బు మాలీ కత్తెర చప్పుడు వినిపిస్తోంది.

"పెడతన్నాను బావూ" అన్నాడు తవిటయ్య.

"అయితే నా లెక్కలోనే ఎక్కడో తప్పుందన్నమాట" అన్నాడు బుచ్చిబాబు. ఒక్కరవ్వ కూడా అనుమానించలేదు. కడ్డీ ఊడదీసి తుడిచాడు. గుండు బరువు చిన్న త్రాసులో తూచాడు. మొదటినుంచీ మళ్ళీ మొదలుపెట్టాడు. కార్నరు దగ్గర ఒకటి, పది అడుగులు జరిగి ఒకటి. ఒక్కోచోట మూడేసి సార్లు. పది గంటలయింది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ప్రతిచోటా ఇంత మట్టి తవ్వి, మూతగల డబ్బాలో వేసి, నంబరు రాస్తున్నాడు. ఇన్‌స్టిట్యూటులో పొయ్యిలో ఎండబెట్టి, ఎంత తేమ పోయిందో తూస్తాడట. తవిటయ్య స్టాండు మోస్తూ వెంట నడిచాడు. లేని తప్పు కోసం ఒక మనిషి అలా వెతుకుతుంటే చూడడం, రోలరు ఒంటిచేత్తో లాగడం కంటే కష్టంగా ఉంది.

పన్నెండోచోట గుండు ఎత్తబోతుంటే తవిటయ్య కడ్డీ పట్టుకున్నాడు.

"ఊరుకోండి బావూ. తప్పు మీ లెక్కలో నేదు."

వాల్వు సంగతి చెప్పాడు. బుక్కు సంగతి చెప్పాడు. కంచె వైపు చూడకుండా, నేల చూస్తూ చెప్పాడు. "పర్మనెంటు లిస్టు వొచ్చినాది. నా పేరున్నాది. గణపతిరావు బాబు సంతకం పడాల. ఈ వయసులో నాను మరెక్కడికెల్తాను? మీరు ఈ సంగతి రాయకండి."

బుచ్చిబాబు ఫ్లాస్కు తీసి మూతలో నీళ్ళు పోసి ముందు తవిటయ్యకే ఇచ్చాడు.

"నేను నీళ్ళ గురించి రాయనండీ. నేల గురించే రాస్తాను. కానీ చదివినవాడికి ఇట్టే తెలిసిపోతుంది. గురువారం విచారణకి రిపోర్టు పంపమని మీ స్పోర్ట్స్ ఆఫీసు నుంచి మా ప్రొఫెసరు గారికి ఉత్తరం వచ్చేసింది. మూడుని ఎనిమిదని నేను రాయలేను."

"తెల్సు బావూ" అన్నాడు తవిటయ్య. నీళ్ళు తాగి మూత ఇచ్చేశాడు. మిగిలిన చోట్లన్నిటా ఇద్దరూ కలిసే కొలిచారు.

గణపతిరావు చెడ్డవాడు కాదు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి. టెక్కలి దగ్గరివాడు. పదిహేనేళ్ళుగా స్పోర్ట్స్ ఆఫీసు గుమాస్తా. బుధవారం సాయంత్రం నీళ్ళ బుక్కులో సంతకం పెట్టడానికి వచ్చిన తవిటయ్యని కూర్చోమన్నాడు. ఎప్పుడూ కూర్చోమనలేదు. తవిటయ్య గోడవారగా నిలబడ్డాడు.

"సాయేబు రేపు నిన్నడుగుతాడు. మిషను మూడంటన్నాది, బుక్కు నీళ్ళు పెట్టినావంటన్నాది. రెండూ నిజం అవవు గదా? బుక్కు తప్పంటే ఆ సంతకాలు ఎవులివి?"

"నావే బాబూ."

"అదీ. దొంగ సంతకాలు పెట్టినవోడివి నువ్వవుతావు. మిషను తప్పంటే ఎవులికీ బాధ నేదు. మిషనుకి పెళ్ళాం పిల్లలున్నారేటి?"

"మీరు తిప్పమంటేనే గదా తిప్పినాను."

గణపతిరావు గొంతు తగ్గించాడు. "నాను కాయితం మీద సెప్పినానేటి? నాకు మాత్రం కాయితం మీద సెప్పినారేటి? లాను పచ్చగా ఉండాలన్నారు, అంతే. ఆ గడ్డెండిపోతే నా ఉజ్జోగమెండిపోతాది రా." బుక్కు ముందుకి తోశాడు. తవిటయ్య సంతకం పెట్టాడు.

గురువారం పదకొండింటికి విచారణ. గట్టిగా ఇరవై నిముషాలు పట్టలేదు. ఆ ఏడే బదిలీ మీద వచ్చిన ఆఫీసరు బల్ల వెనక కూర్చున్నాడు. హిందీ, ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. బల్ల మీద ఒకవైపు నీళ్ళ బుక్కు, రెండోవైపు బుచ్చిబాబు రిపోర్టు. బుచ్చిబాబు టై కట్టుకుని వచ్చాడు. ఆఫీసరు గళ్ళ కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. బుక్కు పేజీలు బొటనవేలితో సర్రున వదిలాడు. సంతకాలన్నీ ఒకదాని కింద ఒకటి జారిపోయాయి.

"బోలో, తవిటయ్యా. బుక్ గలత్, యా మషీన్ గలత్?" బుక్కు తప్పా, మిషను తప్పా అని.

ఫాను తిరుగుతోంది. తవిటయ్య చేతిలో టోపీ ఉంది. గణపతిరావు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బుచ్చిబాబు మాత్రం తవిటయ్యనే చూస్తున్నాడు. ఆ చూపులో ఒత్తిడి లేదు.

"మషీన్ గలత్, సాబ్" అన్నాడు తవిటయ్య.

ఆఫీసరు రిపోర్టు మూసి పక్కకి పెట్టాడు. ఆటగాడు మోకాలికి పట్టీ కట్టుకోలేదు కనక దెబ్బ అతని అజాగ్రత్త వల్లే తగిలిందని స్టెనోకి చెప్పి రాయించాడు. అంటే అది డ్యూటీలో తగిలిన దెబ్బ కాదు. మూడునెలలు మంచంలో ఉంటే ఆ మూడునెలలకీ జీతం రాదు, ఆ నష్టం విల్‌ఫ్రెడ్‌దే. కాలు వంగకపోతే ఫిట్టరు పనికి పనికిరాడు; ఆ బాధా వాడిదే. తవిటయ్యకి ఇంగ్లీషు రాదు గాని స్టెనో పెన్సిలు ఆగినప్పుడు సంగతి అర్థమైంది. "ఠీక్ హై" అన్నాడు ఆఫీసరు.

బయట వేపచెట్టు కింద బుచ్చిబాబు సైకిలు తాళం తీస్తున్నాడు. ఇకమీదట మైదానంలోకి రావద్దని గణపతిరావు చెప్పేశాడట. స్టాండు పట్టుకుపోతాను, అన్నాడు. తవిటయ్య షెడ్డులోంచి దాన్ని తెచ్చి, కాళ్ళు మడిచి, సైకిలు క్యారియరుకి కొబ్బరితాడుతో కట్టాడు.

"నన్నో మాట అనీండి బావూ."

"యంత్రాన్ని తప్పంటే దానికేం బాధండీ" అన్నాడు బుచ్చిబాబు. సైకిలు స్టాండు తీసి, రెండడుగులు నడిపించి ఆగాడు. "శనివారం మళ్ళీ మ్యాచి ఉందటగా. ఈసారి గోలులో ఎవరు?"

బుచ్చిబాబు జవాబు కోసం ఆగలేదు. ఎక్కి వెళ్ళిపోయాడు.

గోలులో ఎవరో శుక్రవారం సాయంత్రం తెలిసింది. షాపు సైరను మోగాక దేముడు వచ్చాడు. ఫౌండ్రీలో అచ్చులు పోసే మోల్డరు. ముప్పై దాటినవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. బొగ్గుమసి ఇంకా కడుక్కోలేదు. క్యారేజీ వాళ్ళకి గోలు కాసే గోలీ దొరక్క, సాయేబు మాట మీద ఇతన్ని ఆ జట్టుకి ఇచ్చారు. విల్‌ఫ్రెడ్ అంత ఆటగాడు కాదు గాని భయం తెలియని మనిషి. అలాంటివాడు ఆ రోజు గోలు ముందు నిలబడి బూటు మడమతో నేలని రెండుసార్లు తన్ని చూసి, ఆ పక్కన నీళ్ళు లేని గొట్టం చుట్టచుడుతున్న తవిటయ్య దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"సిన్నాన్నా, ఒక్కమాట సెప్పు. ఈ నేల నీకు తెలిసినట్టు మరెవులికీ తెల్దు. ఏ పక్కకి పడితే మంచిది?"

తవిటయ్య చేతుల్లో గొట్టం ఆగిపోయింది.

"కుడేపు విల్‌ఫ్రెడ్ పడ్డాడు గదా. ఎడమేపు మెత్తగున్నాదేటి? ఉంటే ఎడమకే దూకుతాను. బంతి కుడికొచ్చినా ఒగ్గేత్తాను. గోలయితే అయినాది. బిడ్డలున్నోడ్ని."

ఎగతాళికి అడగలేదు. వీధిలో మంచి దర్జీ ఎవరని అడిగినంత మామూలుగా అడిగాడు. తవిటయ్యకి ఎడమవైపు లెక్క కూడా తెలుసు. నాలుగు. గోలు కొయ్య పక్కన మూడున్నర. సోమవారం ఆ అంకెలు స్కేలు మీద చూసి చదివింది తనే.

"దూకడం మానీ" అన్నాడు.

"మానేత్తే గోలీ ఎందుకు సిన్నాన్నా?" దేముడు నవ్వి లేచాడు. "పోనీలే. ఏదైతే అదవుతాది."

కంచె అవతల లాను మీద నీళ్ళు పడుతున్నాయి. తవిటయ్యే అరగంట కింద వాల్వు తిప్పాడు. గొట్టాన్ని చుట్టగా చుట్టి షెడ్డులో పెట్టి, తలుపు గడియ వేసి, ఆ తలుపుకే నుదురు ఆనించి కాసేపు నిలబడ్డాడు.

శనివారం మధ్యాహ్నం మూడింటికల్లా సున్నం నానింది. తవిటయ్య డ్రమ్ములో కర్ర పెట్టి తిప్పాడు. మేకులు పాతాడు. కార్నరు నుంచి కార్నరుకి తాడు కట్టి లాగాడు. వేలితో మీటితే తాడు తీగలా మోగింది. చిల్లుల డబ్బా నిండా సున్నం పోసి, వంగి, మొదటి మేకు దగ్గర పట్టుకున్నాడు. వాలిస్తే చాలు, గీత దానంతట అదే పడుతుంది. పదకొండేళ్ళలో ఎన్ని గీతలు వేశాడో లెక్కలేదు.

వాల్చలేదు. డబ్బా నేల మీద పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఈసారి చిల్లుల్లోంచి నాలుగు చుక్కలు మట్టి మీద పడ్డాయి. ఎండిన మట్టి వాటిని క్షణంలో తాగేసింది. డబ్బాలో సున్నాన్ని తిరిగి డ్రమ్ములో పోసేసి, మూత పెట్టి, ఆ మూత మీద కూర్చున్నాడు.

నాలుగున్నరకి జనం రావడం మొదలైంది. గోల్‌బజార్ వైపునుంచి బెంగాలీలు, సెటిల్‌మెంటు నుంచి తెలుగువాళ్ళు. షామియానా తెరకింద కుర్చీలు వేశారు. ఆఫీసర్లు వచ్చారు. ఇరవై నిముషాలు తక్కువ అయిదుకి గణపతిరావు పరుగులాంటి నడకతో వచ్చాడు.

"గీతలేవిరా?"

"నేల సిద్ధం కానేదు బాబూ."

గణపతిరావు అతని మొహంలోకి చూశాడు. తాగాడేమోనని వాసన చూసినట్టు దగ్గరికి వంగాడు. "నీకు పిచ్చి పట్టినాదేటి? సాయేబులొచ్చేసినారు. లెగు."

తవిటయ్య లేవలేదు. గణపతిరావు జబ్బ పట్టి లాగాడు. అప్పటికే జట్లు రెండూ దిగాయి. దేముడు గోలు దగ్గరికి వెళ్ళి, కాళ్ళకింద గీత కనపడక ఇటు తిరిగాడు. కలకత్తా నుంచి వచ్చిన రిఫరీ, బట్టతల పెద్దమనిషి, విజిలు మెడలో వేలాడుతుంటే నడుచుకుంటూ వచ్చాడు. సంగతేమిటని బెంగాలీలో అడిగాడు.

అప్పుడు తవిటయ్య లేచాడు. టోపీ తీశాడు. నిన్నటిదాకా నోట రాని మాటలు బెంగాలీలో, అదీ తప్పుల తడక బెంగాలీలో, ఎందుకో సులువుగా వచ్చాయి. ఈ మైదానానికి రెండు నెలలుగా చుక్కనీరు పెట్టలేదు దాదా, అన్నాడు. నీళ్ళన్నీ ఆ లానుకి పోతున్నాయి. వాల్వు తిప్పింది నేనే. పెట్టానని బుక్కులో అబద్ధం సంతకం చేసింది నేనే. మొన్న ఒకడు మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఇన్‌స్టిట్యూటు బాబు మిషను తప్పు కాదు. సాహెబు ముందు తప్పని నేనే అబద్ధమాడాను. గోలు ముందు మూడే దిగుతోంది. ఎనిమిది దిగాలి. నేను గీతలు వెయ్యను.

కంచె పొడుగునా ఉన్నవాళ్ళు వింటున్నారు. విననివాళ్ళకి విన్నవాళ్ళు చెబుతున్నారు. ఆ గుసగుస తెరదాకా పాకింది. ఆఫీసరు కుర్చీలో ముందుకి వంగి పక్కవాణ్ణి ఏమిటని అడుగుతున్నాడు.

రిఫరీ ఏమీ అనకుండా గోలు దగ్గరికి నడిచాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పిడికిలితో ఒకసారి, అరచేత్తో ఒకసారి నేలని కొట్టాడు. లేచిన మట్టిపెంకుని ఊడదీసి రెండు వేళ్ళతో నలపబోయాడు, నలగలేదు. దాన్ని జేబులో వేసుకుని, తెర దగ్గరికి పోయి ఆఫీసరుకి ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాడు. తిరిగివస్తూ జనానికి వినపడేలా, "ఏ మాఠే ఖేలా జాయ్ నా" అన్నాడు. ఈ మైదానంలో ఆడేందుకు లేదు.

కేకలు లేచాయి. ఆట లేదని కొందరు, నీళ్ళేవని కొందరు. ఆఫీసర్లు ఒక్కొక్కరే లేచి కంచె గేటులోంచి అవతలికి వెళ్ళిపోయారు. విచారణ చేసిన ఆఫీసరు వెళ్తూ వెళ్తూ గణపతిరావుతో ఏదో అన్నాడు. గణపతిరావు తల వంచుకుని విన్నాడు. తరవాత తవిటయ్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహాన చెమట ధారలు కడుతోంది.

"సోమారం నుంచి నువ్వు రానక్కర్నేదు."

"సరే బాబూ."

"లిస్టు మీద సంతకం పెట్టేసినాన్రా నాను. నిన్న మాపటేలే పెట్టేసినాను. ఇప్పుడు కొట్టీమంటన్నారు." ఆ గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది. "ఒక్కరోజు ఆగలేకపోనావేటి?"

తవిటయ్య టోపీ పెట్టుకున్నాడు. వాల్వు వైపు నడిచాడు. ఎవరూ అడ్డు రాలేదు. అయిదు కావడానికి ఇంకా అయిదు నిముషాలుంది. వాల్వుని రెండు చేతులా పట్టి ఎడమవైపు తిప్పాడు. రెండు నెలలుగా ఎడమవైపు తిరగని వాల్వు కిర్రుమని అరిచి, తిరిగింది. దేముడూ, మరో ఇద్దరూ గొట్టాన్ని గోలుదాకా ఈడ్చారు. నీళ్ళు పడినచోట నేల పొగ చిమ్మింది. నెర్రెలు నిండలేదు, ఎంత పోసినా లోపలికే పోతోంది. అయిదు నిముషాల్లో ధార సన్నగిల్లి ఆగిపోయింది. తడిసింది నులకమంచమంత మేర. జనం దాని చుట్టూ నిలబడి చూశారు.

ఆదివారం పొద్దున్న తవిటయ్య హిజ్లీ దాకా నడిచి వెళ్ళి హాస్టల్లో బుచ్చిబాబుని లేపాడు. తను చెప్పినదంతా ఇంగ్లీషులో రాయించుకుని, అడుగున సంతకం పెట్టాడు. ఒకటి సరిపోదని మూడు కాపీలు రాయించాడు. ఎవరికి ఎలా పంపాలో బుచ్చిబాబు చెప్పాడు గాని, పంపితే ఏమవుతుందో చెప్పలేనన్నాడు. "మంచిదే" అన్నాడు తవిటయ్య. ఒక కాపీ పట్టుకుని, నాలుగు గంటలకి రైల్వే ఆస్పత్రికి వెళ్ళాడు.

విల్‌ఫ్రెడ్ కాలు తొడ దగ్గర్నుంచి మడమ దాకా పిండికట్టులో ఉంది. మంచం పక్కన ఎలీసమ్మ స్టూలు మీద కూర్చుని బత్తాయి వొలుస్తోంది. తవిటయ్యని చూసి ఆమె చేతులు ఆగాయి. ఆమె మొహం చూస్తే మైదానం కబురు ఇక్కడికి ఇంకా అందినట్టు లేదు.

తవిటయ్య మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు.

"నేల గట్టిపడిపోనాదని నాకు తెల్సు నాయినా" అన్నాడు. "తెలిసే ఆరోజు గీతలేసినాను. నీళ్ళు క్లబ్బుకి తిప్పింది నానే. బుక్కులో దొంగ సంతకం పెట్టినాను. మొన్న సాయేబు కాడ కూడా అబద్ధమాడినాను. నీ కాలుకి దమ్మిడీ రాకుండా సేసింది ఆ మాటే. ఇప్పుడు నిజం రాయించినాను. ఇదిగో. దగ్గరెట్టుకో. పనికొత్తాదో నేదో నాకు తెల్దు."

కాగితం పక్క మీద పెట్టాడు. విల్‌ఫ్రెడ్ దాన్ని చదవలేదు. పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. వార్డు చివర ఎవరో దగ్గుతున్నారు.

"నాకూ తెల్సు సిన్నాన్నా" అన్నాడు. "ఆటకి ముందు మడమెట్టి తన్ని సూసినాను. బండనాగున్నాది. దిగనని కెప్టెనుతో సెప్దామనుకున్నాను. సెప్తే పిరికోడంటారని ఊరుకున్నాను. పదకొండుమందిమీ ఊరుకున్నాం. ఎవులికి తెల్దు?"

తవిటయ్య మంచం చువ్వ పట్టుకున్నాడు.

ఎలీసమ్మ కొడుకు వైపు చూసింది. తవిటయ్య వైపు చూసింది. ఆమె కళ్ళలో కోపం చల్లారలేదు. ఎటు పోవాలో తెలియక అక్కడే నిలిచిపోయినట్టుంది. చేతిలో బత్తాయి గిన్నెలో పడేసి, చెంగుకి వేళ్ళు తుడుచుకుని, ఆ కాగితాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. అప్పుడు లేచి, తను కూర్చున్న స్టూలుని కాలితో అతని వైపు జరిపింది.

"పొద్దుట్నించీ నడుత్తన్నట్టున్నావు. కూకో" అంది.

తవిటయ్య కూర్చున్నాడు.

"మరి నీ పని పోనాదేటి?" అడిగాడు విల్‌ఫ్రెడ్.

"పోనాది."

విల్‌ఫ్రెడ్ గిన్నె తన పొట్టమీదికి లాక్కుని, ఒక బత్తాయి తొన తీసి గింజలు ఏరి, చెయ్యి చాచాడు. తవిటయ్య అందుకున్నాడు. నోట్లో పెట్టుకోవడానికి కాసేపు పట్టింది.

"పుల్లగున్నాదేటి?" అన్నాడు విల్‌ఫ్రెడ్.

"నేదు" అన్నాడు తవిటయ్య. "బాగున్నాది."